ఎఱ్ఱదయ్యము భోజనము

పెద్ద దేహమునకు పెద్ద కబళమే కావలెనని మనము తలఁతుము. పసిఫిక్ మహాసముద్రపు తూర్పు భాగమున, చిలీ, పెరూ తీరములు మొదలు మెక్సికో దాటి యుత్తరమునకును తిరుగు హంబోల్టు స్క్విడ్డు సంగతి వేఱు.

ఇది చేప కాదు. నత్తకు దూరపు చుట్టము. దీని మొండెమే నాలుగడుగులకు మించి పెరుగఁగలదు, తూకము 50 కిలోల వఱకు నుండవచ్చును. క్షణములో ఒడలెల్ల నెఱ్ఱఁబాఱును గావున మెక్సికో బెస్తలు దీనిని ఎఱ్ఱదయ్యమందురు.

ఎర సమీపింపఁగానే ఇది తన పొడవైన రెండు కరములను ఱివ్వునఁ జాఁచి పట్టి, తక్కిన యెనిమిది చేతుల నడుమకు లాగుకొనును. ఆ చేతులకు చిన్న గిన్నెలవంటి పట్టులును, వాని యంచులకు ఱంపపుఁ బండ్లును గలవు. నడుమ చిలుకముక్కు వంటి ముక్కుండును. అది మాంసమును సన్నని తునకలుగాఁ గత్తిరింపకున్నచో అపాయమే. ఏలయన దీని యన్ననాళము మెదడు నడుమనుండి పోవుచున్నది! బిడ్డలకు ముద్ద చిన్నదిగాఁ జేసి పెట్టు తల్లులకు ఈ జాగ్రత్త క్రొత్త గాదు.

ఇంత యాయుధసామగ్రితో నిది తినునదేమి? మెక్సికో దేశపు కాలిఫోర్నియా సింధుశాఖలోఁ బట్టినవాని కడుపులు కోసి చూడఁగా, విశేషముగాఁ గనఁబడినవి వ్రేలంతయు లేని దీపపుచేపలు. మేన మినుకుమినుకను వెలుఁగు గల యీ చేపలు పగలు లోతున దాఁగి, రాత్రి పైకి వచ్చును. స్క్విడ్డులును వాని వెంటనే వచ్చును. రొయ్యలఁ బోలిన చిఱుప్రాణులను, తమ జాతివానిని సైతము తినును.

ఈ స్వజాతిభక్షణమును గూర్చి యొక మాట. బెస్తలు రాత్రివేళ దీపములు పెట్టి గాలములు దింపుదురు. గాలమునఁ దగుల్కొని గిలగిల కొట్టుకొనుదానిపై తక్కినవి పడి కొఱికివేయును. ఆ గాలములకే చిక్కినవాని కడుపులను శోధించుటచేత నీ లెక్క కొంత హెచ్చి యుండవచ్చునని శాస్త్రజ్ఞులే యందురు. అలవాటు దానిదే కాని, యవకాశమును గొంత మనమే కల్పించుచున్నాము. దయ్యమను పేరు నాకంతగా రుచింపదు.

2009-10 నాఁటి ఎల్‌నినో వలన ఆ సింధుశాఖలో నీరు వేడెక్కి, ఆహారపు సమృద్ధి తగ్గెను. అంతట స్క్విడ్డులు పెద్దవగుట మాని, యాఱు నెలలు నిండకయే, చిఱుదేహములతోనే ప్రౌఢత్వమును పొందసాగినవి. శాంటా రొసాలియా పట్టణపు బెస్తలు పెద్ద స్క్విడ్డులను నమ్ముకొని యిల్లు గడుపుకొనువారు. అటుపిమ్మట వారి గాలములకు మునుపటివి దొరకవయ్యెను. కొన్నియేండ్లలో నా వేఁటయే కూలిపోయినది.