పువ్వుకు పూజ, లందకు మైలనా?

అడవి ఎవనిది అనంగనే ఇద్దరు లేస్తరు. ఒకడు కలప, కాగితం మిల్లు దిక్కు మాట్లాడుతడు. ఇంకొకడు పులి, పర్యావరణం దిక్కు మాట్లాడుతడు. అడవి అంచున బతికిన మనిషి ఇద్దరి లెక్కలోనూ లేడు.

ధర్మపురి కాడ గోదారి దాటిపోతే కవ్వాల్ అడవి. నిజాం కాలం నుంచి ఆదిలాబాద్ వెదురు సిర్పూరు కాగితం మిల్లుకు పోయింది. అప్పుడు ఎవనికీ పులి యాదికి రాలేదు. 2012లో కవ్వాల్‌ను పులుల అభయారణ్యం చేసినంక పులికి అడ్డం ఆదివాసి గూడేలే కనబడ్డయి. 2024లో కడెం మండలం మైసంపేట, రాంపూర్‌లను లేపిన్రు. 2025 మేలో కుమ్రం భీం జిల్లా మీద 49 నంబరు జీవో తెచ్చిన్రు. ఆదివాసులు ఒక్కటై నిలబడితే జూలైలో ఆపిన్రు. 1940లో భీం జోడేఘాట్‌ల ప్రాణమిచ్చిన గడ్డ అది. వాళ్లది న్యాయమైన కొట్లాట. మనం వాళ్ల ఎంట ఉండాలె.

మరి మన సంగతేంది? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గుట్టలు మనకు పరాయివా? తంగేడు చెక్క, కరక్కాయ లేకుండ లందల తోలు పదునెక్కిందా? కట్టె లేకుండ డప్పు చట్రం ఎక్కడిది? ఎండల తునికాకు తెంపి, కట్టలు కట్టి, కల్లంల పోసింది ఎవల చేతులు? తంగేడును రాష్ట్ర పుష్పం చేసిన్రు. పువ్వు బతుకమ్మల పేరిస్తే సంస్కృతి. అదే చెట్టు చెక్క మాదిగ లందల పడితే మైల! పువ్వు ఊరిదైంది, చెక్క వాడదైంది. ఇదీ మనువాదుల అడవి ప్రేమ.

1990లో అమెరికాల ఒక గుడ్లగూబ జాతికి చట్టం రక్షణ ఇస్తే, చెట్లు కొట్టే కూలీలు ఇది మా బతుకు, మా సంస్కృతి అని రోడ్డెక్కిన్రు. లోకం చెవి ఒగ్గి విన్నది. డప్పు మా సంస్కృతి అని మనమంటే, పోయి సావుకు కొట్టుమంటరు!

2006 అటవీ హక్కుల చట్టం చూడుర్రి. ఆదివాసి 2005 డిసెంబర్ 13 నాటికి సాగుల ఉండాలె. ఆదివాసి కానోడు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు, అక్కడ ఉన్నట్టు కూడా చూపాలె. అంటే 1930 నాటి రుజువు! వెట్టి చేసే మాల, మాదిగల పేరు ఆనాడు ఏ పట్వారి రాసిండు? మన పేరు రాయనోళ్లే ఇయ్యాల కాగితం అడుగుతున్నరు. 2023 జూన్‌ల పంచిన పోడు పట్టాలు గిరిజనులకే. మనోళ్లకు ఎదురుచూపే మిగిలింది.

అయినా ఎనుకకు పోవద్దు. 75 ఏండ్లు చూపాల్సింది నివాసానికి, సాగుకు కాదు. కాగితం ఒక్కటే రుజువు అని చట్టం అనలేదు. దరఖాస్తు పెట్టని ముసలోళ్ల మాట రాసి ఇస్తే అదీ సాక్ష్యమే. పాత బావి, బొందలగడ్డ, మన దేవత గద్దె కూడా సాక్ష్యమే. ఒక్కటి చాలదు, రెండు రకాలు పెట్టాలె.

అన్నలారా, అక్కలారా! అవ్వతాతలు బతికుండగనే వాళ్ల మాట రాయించుర్రి. గ్రామసభకు డప్పుతోని పోదాం. ఆదివాసి వాటా మనకొద్దు. మన వాటా ఎవనికీ ఇడవం.

జై భీం! జై కుమ్రం భీం!