ధైర్యం చెప్పడం తల్లి ఒక్కదాని పనేనా?

రక్తక్యాన్సర్ వచ్చిన బిడ్డకు మందు రాయడం డాక్టరు పని, ఆ బిడ్డ ఏడుపు ఆపడం తల్లి పని. మన ఆస్పత్రులు ఈ పని విభజనను ప్రకృతి ధర్మంలా చూస్తున్నాయి. సూదికి భయపడి పిల్ల అరిస్తే "సముదాయించుకోవడం రాదా?" అని కసురేది తల్లినే.

మొయినాబాద్ గులాబీ తోటల్లో పూలు కోసే ఒక కూలి తల్లికి తోడుగా నగరంలో ఒక ఆస్పత్రికి కొన్నాళ్లు తిరిగాను. ఆరేళ్ల పాపకు వెన్నులోకి సూది వేసేటప్పుడు తల్లిని బయటికి పంపారు. "నొప్పి ఉండదు" అని పాపకు అబద్ధం చెప్పారు. ఆ తర్వాత తెల్లకోటు కనబడితే చాలు, ఆ పిల్ల వణికిపోయేది. జుట్టు రాలినప్పుడు "నేనేం తప్పు చేసిన?" అని అడిగింది. అత్తగారేమో తప్పు కోడలిదేనంది!

జబ్బును శిక్షగా భావించడం చిన్నపిల్లల్లో మామూలే. వాళ్లకు అర్థమయ్యే మాటల్లో ఎవరో ఒకరు నిజం చెప్పాలి. ఇది చికిత్స పక్కన చేసే దయ కాదు, చికిత్సలో భాగమే. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్తక్యాన్సర్‌కు రెండు మూడేళ్లు మందులు వాడాలి. బెదిరిన పిల్ల, అలసిన తల్లి మధ్యలో మానేస్తే నయం కావలసిన జబ్బే ప్రాణం తీస్తుంది.

"సిబ్బంది లేరు, డబ్బు లేదు" అంటారు. సూది వేసేటప్పుడు తల్లిని బిడ్డ చెయ్యి పట్టుకోనివ్వడానికి డబ్బెందుకు? ఆస్పత్రిలో ఒంటరిగా వదిలేసిన రెండేళ్ల పాప వేదనను జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లోనే బ్రిటన్‌లో సినిమాగా తీశాడు. 1959లో అక్కడి ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను పిల్లల దగ్గరికి రానివ్వాలని సిఫారసు చేసింది. మన దేశం 1992లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం పిల్లల అభిప్రాయం వినమంటుంది, 31వది ఆటను హక్కుగా గుర్తిస్తుంది. క్యాన్సర్ వార్డు గుమ్మం దగ్గర ఈ హక్కులు ఆగిపోతాయా?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కీమోథెరపీ ఖర్చు భరిస్తుంది, మంచిదే. కానీ నెలల తరబడి మంచం పక్కన కూర్చున్న తల్లి కూలి ఎవరు భరించాలి? ఇంట్లో ఉన్న మిగతా పిల్లలకు వండిపెట్టేదెవరు? తండ్రి వారానికోసారి పండ్లు తెస్తే "ఎంత ప్రేమ!" అంటారు. రాత్రంతా నేల మీద మేల్కొని ఉన్న తల్లిది మాత్రం "బాధ్యత" అంటారు. మాతృత్వాన్ని కీర్తించే సమాజం ఆమెతో జీతం లేని నర్సు పని, ఆయా పని, కౌన్సెలరు పని చేయించుకుంటోంది.

అందుకే అడుగుతున్నాం. పిల్లల క్యాన్సర్ వార్డు ప్రతిదానిలో జీతమిచ్చి కౌన్సెలర్లను, ఆటలాడించే వాళ్లను, చదువు చెప్పే టీచర్లను నియమించాలి. నొప్పి తెలియకుండా మందిచ్చాకే వెన్నులో సూది వెయ్యాలి. తోడున్న వారికి పడుకునే చోటు, పోయిన కూలికి పరిహారం ఇవ్వాలి. తండ్రులు కూడా వంతులేసుకుని వార్డులో ఉండాలి. ఆస్పత్రుల ముందు, గ్రామసభల్లో ఈ డిమాండ్లను మనమే లేవనెత్తాలి.