రందికి మందు ఊళ్లోనే దొరకాలి

తెలంగాణలో రంది అంటారు. కోస్తాలో బెంగ, దిగులు అంటారు. మనసు పడే బాధకు పల్లె జనం దగ్గర పేర్లకు కొదవ లేదు. డాక్టరు ముందు కూర్చున్నాక మాత్రం ఆ మాటలేవీ పెదవి దాటవు. ‘తల బద్దలైపోతోంది సార్, అరికాళ్లు మంటలు, రాత్రంతా నిద్ర పట్టదు, గుండె దడ’ అంటుంది నలభయ్యేళ్ల గృహిణి. బీ కాంప్లెక్స్ మాత్రలు, ఓ బలం సూది రాసిచ్చి తర్వాతి వారిని పిలుస్తారు. మొగుడి అప్పు గురించో, కూతురి కాపురం గురించో ఎవరూ అడగరు. నెల తిరక్కుండానే అదే చీటీ పట్టుకుని ఆమె మళ్లీ వరసలో నిలబడుతుంది.

2015-16లో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. ఉన్నవారిలో ఎక్కువమంది నగరాల్లోనే ఉన్నారు. పైగా హైదరాబాద్‌లో ఎవరినైనా వెక్కిరించాలంటే ఎర్రగడ్డ పేరు, విశాఖలో అయితే చినవాల్తేరు పేరు ఎత్తుతారు. మానసిక ఆసుపత్రి ఉన్న పేటే తిట్టుగా మారితే, ఆ గడప తొక్కే ధైర్యం ఎవరికుంటుంది?

దిగులు అందరిదీ ఒక్కటి కాదు. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అందులో నాలుగో వంతుకు పైగా రోజు కూలీలు. వ్యవసాయం మీద బతికేవారు 11,290 మంది, విద్యార్థులు 13,044 మంది. కూలీ మనిషి జిల్లా ఆసుపత్రికి వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. కౌలు రైతుకు ఓదార్పు ఒక్కటే చాలదు, వడ్డీ భారం కూడా దిగాలి. కార్పొరేట్ కాలేజీ హాస్టల్ పిల్లవాడికి మాట్లాడే మనిషి కావాలి. విశాఖలో చదువుకుంటూ ఒక నీట్ విద్యార్థిని మరణించిన కేసులో, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హతగల కౌన్సెలర్‌ను పెట్టాలని 2025 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం ఎన్ని హాస్టళ్లలో అమలైందో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తనిఖీ చేయాలి.

అందరికీ డాక్టర్లను ఎక్కడి నుంచి తెస్తామన్న ప్రశ్నకు జింబాబ్వే బదులు చెప్పింది. బస్సు చార్జీలు లేక ఆసుపత్రికి రాలేకపోయిన ఒక అమ్మాయి ఆత్మహత్య, సైకియాట్రిస్ట్ డిక్సన్ చిబాండాను కలచివేసింది. 2006లో ఆయన హరారేలోని ఎంబారే పేటలో 14 మంది నానమ్మలకు తర్ఫీదునిచ్చారు. క్లినిక్ ఆవరణలో చెక్క బెంచీ మీద కూర్చుని వాళ్లు ఎదుటి మనిషి గోడు వింటారు, ముందుగా ఏ చిక్కు విప్పాలో కలిసి ఆలోచిస్తారు. కుంగుబాటు అనే మాట అక్కడా వాడరు. షోనా భాషలో ‘కుఫుంగిసిస’, అంటే అతిగా ఆలోచించడం, అంటారు. 2016లో అచ్చయిన అధ్యయనం ప్రకారం ఆరు నెలల తర్వాత బెంచీ మీద కూర్చున్నవారిలో 14 శాతం మందిలోనే కుంగుబాటు లక్షణాలు మిగిలాయి. మామూలు వైద్యం పొందినవారిలో సగం మందిలో అవి అలాగే ఉన్నాయి.

తెలుగు పల్లెల్లో ఆ నానమ్మల చోటు ఆశా కార్యకర్తలది. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో, ఏ కోడలు నాలుగు రోజులుగా గడప దాటలేదో వాళ్లకు తెలుసు. స్కిజోఫ్రీనియా వంటి తీవ్రమైన జబ్బులకు సైకియాట్రిస్టే కావాలి. వాటిని తొలి దశలో పసిగట్టి పంపడం, మిగతా వారి గోడు వినడం తర్ఫీదు పొందిన ఆశా చేయగలరు. ఆయుష్మాన్ భారత్ కింద ఊరి ఆరోగ్య కేంద్రాలు అందించాల్సిన 12 సేవల్లో మానసిక ఆరోగ్యం ఇప్పటికే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ వైద్యాన్ని హక్కుగా గుర్తించింది. కావలసింది తర్ఫీదు, అందుకు తగ్గ అదనపు పారితోషికం, కేంద్రంలో మందుల నిల్వ. ఇప్పటికే తలకు మించిన పనులు మోస్తున్న ఆశాలకు దీన్ని ఉచిత సేవగా అంటగట్టకూడదు.

ఆ ఏర్పాటు జరిగేదాకా ఒక దారి తెరిచే ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. పైసా ఖర్చు లేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఊరి రేషన్ షాపు ముందు, కాలేజీ హాస్టల్ గోడ మీద, ఆసుపత్రి ఓపీ చీటీ వెనుక ఆ అయిదంకెలూ పెద్ద అక్షరాల్లో కనిపించేలా పంచాయతీలూ యాజమాన్యాలూ ఈ వారమే పూనుకోవాలి.