నాకు జడ రాదండీ!

మొన్న ఏప్రిల్లో రెడ్డిగూడెం వెళ్లాను. చుట్టాలింట్లో ఇల్లాలికి జ్వరం. ఒంటిపూట బడికి వేళవుతోంది. ఎనిమిదేళ్ల పిల్ల దువ్వెన, రిబ్బన్లు పట్టుకుని ఏడుపు మొహంతో గుమ్మంలో నిలబడింది. తండ్రి అరుగు మీదే ఉన్నాడు. "నాకు జడ రాదు పిన్నీ, కాస్త మీరు వెయ్యరూ?" అన్నాడు.

అప్పుడతను చేస్తున్న పనేమిటో చెప్పనా? మామిడికాయలు కోసే చిక్కం అల్లుతున్నాడు! కన్నుకన్నుకీ ముడి, ఒక్కటీ జారదు. చిన్నరసం కాయ కిందపడి దెబ్బ తినకూడదుగా మరి! అంత ఒడుపున్న వేళ్లకి మూడు పాయలు అటొకటి ఇటొకటి నడిమికి తిప్పడం రాదట!

రాకపోవడం కాదమ్మా, నామోషీ. పాత కృష్ణా జిల్లాలోదే కదా కూచిపూడి. అక్కడ తరతరాలుగా సత్యభామ వేషం కట్టింది మగవాళ్లే. తెర మీదుగా జడ వేసి సవాలు చేసిందీ వాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామని చూసి ఎందరు ఆడవాళ్లు అసూయపడలేదు? రంగస్థలం మీద కళ అయిన జడ, ఇంట్లో కన్నకూతురికి వేస్తే ఆడంగితనమా?

కొడుకుల తల్లుల్నీ వదలను. అబ్బాయికి బూట్ల లేసు కట్టడం నేర్పాం. జడెందుకు నేర్పలేదూ?

ఇంతకీ ఆ పూట జడలు నేను వెయ్యలేదు. చిక్కం లాక్కుని, దువ్వెన అతని చేతిలో పెట్టాను. మొదటి జడ వదులు, రెండోది వంకర. పిల్ల అద్దమైనా చూసుకోకుండా బడికి పరుగెత్తింది.