బస్సు లేదా?

పోయిన ఆదివారం తెల్లవారుజామున మూడింటికి మా మేనల్లుడు టేకుమట్లలో సైకిలెక్కి భువనగిరికి బయల్దేరాడు. అక్కడ వాడికి పనేమీ లేదు. పెళ్లి లేదు, చావు లేదు, యాదగిరిగుట్ట మొక్కు కూడా లేదు. కోటగుట్టను రోడ్డు మీంచే ఒకసారి చూసి, అక్కడే హ్యాండిల్ తిప్పి, అర్ధరాత్రి లోపల ఇల్లు చేరాలని వాడి పంతం. పోనూ రానూ మూడు వందల కిలోమీటర్ల పైమాటే. ఒక్కడే పోయాడు. వెనకాల కారు లేదు, పక్కన దోస్తు లేడు.

రాత్రి ఎనిమిదింటికి తిరుగుదారిలో గుడెప్పాడ్ చేరాడు. ఇంటికింకా నలభై చిల్లర కిలోమీటర్లు. అక్కడ ఆగి ఫోన్ చేస్తే, ఊళ్లోంచి ట్రాలీ ఆటో పోయి సైకిల్నీ వాణ్నీ ఎక్కించుకొచ్చింది. సోమవారం పొద్దున్నుంచి ఊళ్లో ఒకటే మాట: "ఓడిపోయిండు." అన్నవాళ్లలో ఈ మధ్యకాలంలో బస్టాండు దాకా కూడా నడిచినవాడు ఒక్కడూ లేడు. అయినా నాకు మండింది ఆ మాటకు కాదు, దానికి ముందు మాటకు. మడికొండలో, స్టేషన్ ఘన్‌పూర్‌లో, రఘునాథపల్లిలో, ఆలేరులో, చాయ్ తాగడానికి ఆగిన ప్రతిచోటా వాణ్ని అడిగిన మాట: "ఏం బిడ్డా, బస్సు లేదా?"

బస్సు లేదని చెబితే జాలిపడతారు. ఉందని చెబితే అనుమానపడతారు. ఆ తర్వాత ప్రశ్నలు వరుసగా వస్తాయి. ఏ ఊరు, ఏం చదివినవ్, పెండ్లయిందా, ఈ సైకిలెంత? నలభై రెండు వేలు అని చెప్పాడట మావాడు, అబద్ధం రాక. "నలభై రెండు వేలా! మరి మోటరేది?" అన్నాడట ఆలేరులో ఒక పెద్దాయన. ఆ తర్వాత ఎవరడిగినా ఆరు వేలు అని చెప్పుకుంటూ వచ్చాడు. ఒంటరి ప్రయాణమని పేరే గానీ పది కిలోమీటర్లు ఒంటరిగా ఉండనివ్వలేదు మామా అన్నాడు.

పనిలేని ప్రయాణాన్ని మన ఊళ్లు నమ్మవు. అదే మేడారానికి నడిచిపోతే ఎవడూ బస్సు లేదా అని అడగడు. మజ్జిగ పోస్తారు, కాళ్లకు నూనె రాస్తారు. సమ్మక్క పేరు చెబితే నూరు కిలోమీటర్ల నడక కూడా సబబే. ఏ దేవత పేరూ లేకుండా, 'నా కాళ్లెంతదూరం తీసుకుపోతాయో చూసుకుంటా' అంటే మాత్రం పిల్లగాడికి ఏదో పట్టిందంటారు.

ఆ పట్టిన దానికి పద్ధతులున్నాయి, లెక్కలున్నాయి. ఫ్రాన్సులో ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అని ఒకటుంది. వాళ్ల నియమాలతోనే మన దేశంలోనూ లాంగ్‌రైడ్‌లు జరుగుతాయి, హైదరాబాద్‌లో తొక్కేవాళ్లు బోలెడు మంది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. ఒకే సీజన్‌లో ఈ నాలుగూ పూర్తిచేస్తే సూపర్ రాండనర్ అంటారు. ఇందులో ఫస్టూ సెకండూ లేవు. గడువులోపల చేరావా లేదా, అంతే. దారిలో వెంట సాయానికి మనుషులుండకూడదు, ఎవరైనా సాయం చేస్తే కంట్రోల్ పాయింట్ల దగ్గరే చేయాలి. వీటన్నిటికీ పెద్దన్న పారిస్–బ్రెస్ట్–పారిస్. 1891లో మొదలైంది. ఇప్పుడు నాలుగేళ్లకోసారి, 1,200 కిలోమీటర్లు, 90 గంటలు. 300కి 20 గంటల లెక్కన చూస్తే గుడెప్పాడ్ దగ్గర మావాడి చేతిలో ఇంకో మూడు గంటలున్నాయి. ఓడిపోయిండు అన్నవాళ్లు ఈ తీసివేత చేసుకోవాలి.

మరి ఎందుకు ఆగాడు? అలసి కాదు. ఇంత దూరానికి ఆరు వేల కేలరీలకు పైనే ఖర్చవుతాయి. ఒంట్లో దాచుకున్న చక్కెర సత్తువ రెండు మూడు గంటలకే అయిపోతుంది. ఆ తర్వాత తింటూ తొక్కాల్సిందే. మా అక్క సర్వపిండి కట్టిచ్చింది, పల్లిపట్టీలిచ్చింది, ఉప్పేసిన నిమ్మరసం రెండు సీసాల్లో పోసిచ్చింది. వాడు బుద్ధిగా అరగంటకోసారి నోట్లో వేసుకుంటూనే వచ్చాడు. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక, పోయేటప్పుడే, వెనక టైరు పంచరైతే తనే ట్యూబు మార్చుకున్నాడు. అంతకుముందు ఓ పంచర్ షాపులో గాలి కొట్టించబోతే, సన్నటి ప్రెస్టా వాల్వును చూసి ఆ షాపాయన "దీనికి మా పంపు కూసోదు బిడ్డా, ఇదేదో సూదిలెక్కున్నది" అని నవ్వాడట. సంచిలో సొంత పంపు ఉండబట్టి సరిపోయింది. ఇవన్నీ దాటొచ్చాడు.

గుడెప్పాడ్ దగ్గర నాలుగు వరసల రోడ్డు వదిలి పరకాల వైపు తిరగాలి. అటు ఉన్నది మానేరు ఇసుక, భూపాలపల్లి బొగ్గు, చెల్పూరు కరెంటు ప్లాంటు. రాత్రయితే ఆ రోడ్డు లారీలది. ఎదురుగా వచ్చే లారీ హైబీమ్ దించదు. వెనక వచ్చేది హారన్ ఆపదు. తారు అంచుకూ పక్కమట్టికీ మధ్య జానెడు దిగుడు. రెండు లారీలు ఒకదాన్నొకటి దాటుకునేటప్పుడు సైకిలుకు మిగిలేది ఆ దిగుడే. ఒక లారీ గాలికే మావాడు మట్టిలోకి దిగిపోయాడు. పడలేదు. నిలబడి, బ్యాక్‌లైట్ వెలుగుతుందో లేదో చూసుకుని, ఫోన్ తీశాడు. "కాళ్లున్నయి మామా, రోడ్డు లేదు" అన్నాడు. 2022లో దేశంలో రోడ్డు మీద చచ్చిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో సైకిల్ మీద పోతూ పోయినవాళ్లే నాలుగు వేలు దాటారు. వాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది సాహసయాత్రికులు కారని నా నమ్మకం. కూలికి పోయేవాళ్లు, పాలు పోసేవాళ్లు, బడి పిల్లలు.

ఆస్ట్రియాకు చెందిన క్రిస్టాఫ్ స్ట్రాసర్ 2021 జులైలో 24 గంటల్లో 1,026 కిలోమీటర్లు తొక్కాడు. గొప్పే. కాకపోతే తొక్కింది జెల్ట్‌వెగ్ వాయుసేన స్థావరంలో. అక్కడ ఇసుక లారీ ఎదురురాదు. నాకు ఆయనకన్నా టామీ గాడ్విన్ అంటే ఇష్టం. ఇంగ్లండు మనిషి, 1939లో ఒక్క ఏడాదిలో 75,065 మైళ్లు, అంటే లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటి తొక్కాడు. రోజుకు సగటున 330. ఇనుప సైకిలు, నాలుగే గేర్లు. సెప్టెంబర్లో యుద్ధమొచ్చి దీపాలార్పేస్తే ఆ చీకట్లోనే తొక్కాడు. వెలుతురు లేకున్నా ఆయనకు దారి దొరికింది. మావాడికి వెలుతురు ఎక్కువై కళ్లు కనబడలేదు.

అసలు సైకిల్ మీద దూరం పోవడం మనకు కొత్తగా నేర్పేదేముంది? నా చిన్నప్పుడు ఐస్‌ఫ్రూట్ డబ్బా వెనక కట్టుకుని పరకాల నుంచి వచ్చి, మా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, చీకటి పడకముందే మళ్లీ పరకాల చేరేవాడు ఒకాయన. బట్టల మూటలవాళ్లు, గిన్నెలవాళ్లు, కల్లు కుండలు కట్టుకుపోయే గౌడన్నలు. మా నాయినకు అట్లాస్ ఉండేది. దాని పైడండా సందులోంచి కాలు పెట్టి తొక్కే నేర్చుకున్నా. గంటకింతని కిరాయికిచ్చే సైకిల్ షాపు ఉన్న రోజుల్లో బస్సు లేదా అని ఎవరూ అడగలేదు, బస్సు నిజంగానే లేదు కాబట్టి. ఆ అట్లాస్ కంపెనీ చివరి ఫ్యాక్టరీ, సాహిబాబాద్‌లోది, మూతపడిన రోజేదో తెలుసా? 2020 జూన్ 3. ప్రపంచ సైకిల్ దినోత్సవం.

అదే ఏడు, అంతకు పక్షం రోజుల ముందే, కరోనా లాక్‌డౌన్‌లో, గురుగ్రామ్ నుంచి దర్భంగాకు పదిహేనేళ్ల పిల్ల దెబ్బతగిలిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని దాదాపు 1,200 కిలోమీటర్లు తొక్కింది. పారిస్–బ్రెస్ట్–పారిస్ దూరమే. దేశం చప్పట్లు కొట్టింది, సైక్లింగ్ ట్రయల్స్‌కు రమ్మన్నది. ఆ పిల్లను అడగాల్సిన రోజున మాత్రం ఎవరూ అడగలేదు: బస్సు లేదా అని.

ఆడపిల్ల మాటొచ్చింది కాబట్టి ఇదొకటి. మావాడి చెల్లె వాడికన్నా బాగా తొక్కుతుంది. నువ్వూ పోతావా అంటే, "అన్న ఓడిపోయిండన్నరు గదా మామా, నన్నయితే ఊరు గూడ దాటనియ్యరు" అన్నది. బీహార్‌లో 2006 నుంచి హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. ఆ పథకంతో హైస్కూల్లో చేరే అమ్మాయిలు మూడో వంతు దాకా పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ లెక్కగట్టి చూపించారు. మనం బీహార్ అంటే నవ్వుతాం.

సైకిళ్లకు దారి వేయడం మనకు చేతకాదనుకుంటే పొరపాటు. హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల నీడ, ఆ పలకల్లో కరెంటు పుడుతుంది. నేను చూశా, బాగుంది. మావాడు అక్కడికి పోయి అంతదూరాన్ని పదమూడుసార్లు తొక్కితే 299 కిలోమీటర్లు. ఎండ తగలదు, లారీ తగలదు. కానీ టేకుమట్ల నుంచి ఆ ట్రాక్ దాకా పోవాలంటే ముందు గుడెప్పాడ్ దాటాలి గదా! మాకు నీడ అక్కర్లేదు, సోలార్ అక్కర్లేదు. తారు పక్కన ఒక మీటరు, లారీ చక్రం ఎక్కకుండా, తెల్లగీత గీసి వదిలేయండి చాలు. ఈ మాట నేను ఈ శీర్షికలో ఎన్నోసారి రాస్తున్నానో పాఠకులకే తెలుసు.

దారి మాట వచ్చాక మా వంతెన మాట రాకుండా ఎట్లా? మావాడి కన్నా ముందు నేనూ ఒక ప్రయత్నం చేశా, నవ్వకండి. 2024 డిసెంబరు. 200 చాలనుకున్నా. టేకుమట్ల నుంచి గర్మిళ్లపల్లి, అక్కడ మానేరు దాటి ఓడేడు, మంథని, పెద్దపల్లి, కరీంనగర్, హుజూరాబాద్, పరకాల మీదుగా మళ్లీ ఇల్లు. మ్యాపు మీద గీస్తే ముచ్చటైన చుట్టు. ఆ చుట్టుకు ముడి వేయాల్సింది గర్మిళ్లపల్లి–ఓడేడు వంతెన. మా మండలమూ ఆ వంతెనా ఒకే ఏటివి, 2016. మండలానికి ఆఫీసులొచ్చాయి, బోర్డులొచ్చాయి. వంతెనకు స్తంభాలొచ్చాయి. దాదాపు కిలోమీటరు పొడవు. ఇది పూర్తయితే మంథనికీ పరకాలకూ జమ్మికుంటకూ మధ్య యాభై కిలోమీటర్లు కలిసొస్తాయన్నారు. ఎనిమిదేళ్లు ఎదురుచూశాక 2024 ఏప్రిల్ 22 రాత్రి గాలి వీచింది. గర్డర్లు కిందపడ్డాయి. వరద కాదు, భూకంపం కాదు, గాలి. కాసేపటి ముందే పెళ్లివాళ్ల బస్సు ఆ కింది మట్టిదారిన దాటిపోయిందని పేపర్లలో వచ్చింది. లారీ గాలికి సైకిల్ ఊగడం నాకర్థమవుతుంది. గాలికి వంతెన ఊడిపడటం మాత్రం ఇప్పటికీ అర్థం కాదు.

వాగులు మాకు పరాచికాలు కావు. 2020 ఆగస్టు 15న కుందనపల్లి దగ్గర చలివాగులో చిక్కుకున్న పది మంది రైతుల్ని హెలికాప్టర్‌తో పైకి లాగారు. జెండా పండుగనాడు మా మండలం టీవీలో కనిపించింది అట్లా.

సరే, నేను గర్మిళ్లపల్లి రేవులో దిగా. ఇసుకలో చక్రం కూరుకుపోతుంటే సైకిల్ని భుజానికెత్తుకున్నా. సైకిలుకున్న గొప్పతనం ఇదొక్కటే, ఎక్కినవాడు అవసరమైతే దాన్ని మోయగలడు. తలపైన స్తంభాలు, వాటి మీద ఏమీ లేని ఆకాశం. ఎదురుగా గొర్లు తోలుకొస్తున్న ఒక ముసలాయన ఆగాడు. ఏమడుగుతాడో నాకు తెలుసు. కానీ ఆయన నన్నూ సైకిల్నీ పైనున్న స్తంభాల్నీ వరసగా చూసి, "ఇటు బస్సు లేదు లే బిడ్డా" అని గొర్లను అదిలించుకుంటూ పోయాడు. అవతలి గట్టెక్కేసరికి గంట పోయింది, నా బూట్లలో మానేరు సగం. పెద్దపల్లి దాటేటప్పటికి తొడలు పట్టేశాయి. యాభై రెండేళ్లొచ్చాయి, ఉప్పు తినడం మరిచిపోయా. కరీంనగర్లో సైకిల్ని బస్సు మీదికెక్కించా. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా, మావాడిని ఓడిపోయిండన్నారు కాబట్టి. ఓడిపోవడం అంటే నాది.

నిన్న సాయంత్రం వాడు ఇంటి ముందు సైకిల్ తిరగేసి చైనుకు నూనె పెడుతున్నాడు. గాలి పంపు రఘునాథపల్లి చాయ్ హోటల్లో మరిచిపోయాడట, ఆ హోటలాయన తీసి దాచాడట. వచ్చే ఆదివారం పోయి తెచ్చుకుంటానన్నాడు. పోనూ రానూ రెండు వందల కిలోమీటర్లుంటుంది. మా అక్క నా మొహం చూసింది, అడుగు అన్నట్టు. నేను అడగలేదు.