ఇంజిన్ కొత్తదైతే బండి వయసు తగ్గదా?

కటవారియా సరాయ్‌లో ఎవరో ఒకరు గది మారని వారం ఉండదు. గేట్, ఐఈఎస్ పరీక్షలకు చదువుకోవడానికి మన ఊళ్ళ నుంచి వచ్చిన అన్నయ్యలు మంచం, కూలరు, పుస్తకాల అట్టపెట్టెలు వేసుకెళ్ళేది చిన్న ట్రాలీ బండి మీదే. ఇక్కడివాళ్ళు దాన్ని 'ఛోటా హాథీ' అంటారు. పెద్ద లారీ ఈ సందుల్లో తిరగలేదు. అందుకే అలాంటి బండి తుక్కుకి పోతుందంటే అది యజమాని ఒక్కడి కష్టమే అని మేము అనుకోవడం లేదు.

ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండి తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. 2025 డిసెంబరులో మాత్రం కోర్టు కొంచెం మార్చింది: బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్ల మీద వయసు ఒక్కటే చూసి చర్య తీసుకోవద్దు, అంతకంటే పాతవాటికి ఆ రక్షణ లేదు. వయసు కన్నా పొగ ముఖ్యమన్నమాట. ఇది మాకు నచ్చింది.

అయితే ఒక చిక్కు ఉంది. చాసిస్, బాడీ గట్టిగా ఉన్న పాత బండికి కొత్త బీఎస్-6 ఇంజిన్ బిగించారనుకోండి. రిజిస్ట్రేషన్ రికార్డులో అది పాత ప్రమాణం బండిగానే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ అయితే అనుమతితో మార్చుకోవచ్చు. అంటే పొగ కక్కే పాత ఇంజిన్ స్థానంలో అలాంటిదే ఇంకొకటి పెట్టడానికి దారి ఉంది, శుభ్రమైనది పెట్టడానికి లేదు!

అలాగని సందు చివరి షెడ్డులో ఇంజిన్ మార్పించుకోవడాన్ని మేము సమర్థించం. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ ఇంజిన్ 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 హార్స్‌పవర్. అలాంటిదాన్ని దించి ఎక్కించడం విజయవాడ ఆటోనగర్ మెకానిక్‌కి పెద్ద పని కాదు. ఇప్పటి డీజిల్ ఇంజిన్ అలా కాదు. డీజిల్ ఎంత చిమ్మాలో కంప్యూటర్ చెబుతుంది. దానికి సెన్సర్లు కావాలి, వాటికి వేరే వైరింగ్ కావాలి. మసిని పట్టే ఫిల్టర్ సైలెన్సర్ దారిలో ఉంటుంది. డీజిల్ కారు వదిలే మసి కిలోమీటరుకు బీఎస్-4లో 25 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, బీఎస్-6లో 4.5 దాటకూడదు. ఈ తేడాలో ఎక్కువ భాగం ఆ ఫిల్టర్ చలవే. చోటు చాలలేదనో, ఖర్చెక్కువనో దాన్ని తీసేస్తే మిగిలేది కొత్త ఇంజిన్ పేరు మాత్రమే. పైగా 16 హార్స్‌పవర్‌కి చేసిన బ్రేకులు, గేర్‌బాక్సు రెండింతల బలాన్ని ఎలా ఆపుతాయి? ఆ సందుల్లో నడిచేది మేమే కదా.

మా క్లాసులో కొందరు డీజిలే వద్దన్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. నవంబరులో గాలి పాడై బడి మూస్తే ఇంట్లో ఫోను ముందు కూర్చునేది మేమే, దగ్గేదీ మేమే. కానీ సీఎన్‌జీ కిట్‌కి, బ్యాటరీ కిట్‌కి చట్టంలో ఇప్పటికే చోటుంది. పదేళ్ళు దాటిన డీజిల్ బండికి ఎలక్ట్రిక్ కిట్ బిగించుకుంటే నడుపుకోవచ్చని 2021లో ఢిల్లీ ప్రభుత్వమే ప్రకటించింది. అక్కడ బండి పుట్టినతేదీ అడ్డు రాలేదు.

డీజిల్‌కీ అలాంటి దారే కావాలంటున్నాం, ఇంకా కఠినంగా. ఇంజిన్, ఫిల్టర్, కంప్యూటర్, సరిపడా బ్రేకులు అన్నీ కలిపి ఒకే కిట్‌గా ఉండాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రం దాన్ని ఒప్పుకోవాలి. ఏటా పొగ కొలిచి, ఫిల్టర్ ఉందో లేదో కిందికి వంగి చూడాలి. నెగ్గిన బండికి రికార్డులో కొత్త ప్రమాణం రాయాలి. నెగ్గకపోతే తుక్కుకే. కిట్ ధర పాత బండి ధరను మించిపోతే ఎవరూ కొనరు, కాబట్టి తుక్కు చేసినవాళ్ళకు కొత్త బండి మీద ఇచ్చే పన్ను రాయితీలో కొంతైనా వీళ్ళకూ ఇవ్వాలి.