ఎడమకాలి మొండివాడు

2019 ఆగస్టు 25. ఇటలీలోని వెరోనా మైదానం. ఆట మొదలవబోతుంటే బొలోన్యా జట్టు బెంచీ దగ్గరికి ఓ మనిషి నడిచొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. తలమీద టోపీ, మెడకు పట్టీ. ఆరు వారాల కిందటే విలేకర్లను పిలిచి, తనకు రక్త కేన్సర్ అని చెప్పి ఆస్పత్రిలో చేరిన ఆ జట్టు కోచ్... సినీషా మిహైలోవిచ్!

సెర్బియా ఆటగాడే అయినా ఆయన పుట్టింది ఇప్పటి క్రొయేషియాలోని వుకోవర్‌లో, 1969లో. తండ్రి సెర్బు, లారీ డ్రైవరు. తల్లి క్రొయేట్, చెప్పుల ఫ్యాక్టరీలో పని. 1991 మేలో ఆయన ఆడుతున్న రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ యూరోపియన్ కప్ గెలిచింది. షూటవుట్‌లో ఆయనా ఒక పెనాల్టీ కొట్టాడు. అప్పటికి 22 ఏళ్లు. ఆ ఏడాది ముగిసేలోగా యుద్ధంలో వుకోవర్ శిథిలమైపోయింది. సొంతిల్లూ మిగల్లేదు. అన్నట్టు, అదే మేలో యుగోస్లావ్ కప్ ఫైనల్లో ఆయనతో గొడవపడి, ఆయనతోపాటే రెడ్‌కార్డు తిన్న ఇగోర్ స్టిమాచ్ ఆ తర్వాత 2019 నుంచి 2024 దాకా మన భారత జట్టుకు కోచ్!

1992లో ఇటలీ చేరాడు. రోమా, సాంప్డోరియా, లాజియో, ఇంటర్... ఎక్కడ ఆడినా ఆ ఎడమకాలికి గోల్‌కీపర్లు భయపడేవారు. ఇటలీ లీగ్‌లో ఫ్రీ కిక్‌లతోనే 28 గోల్స్. 1998 డిసెంబరులో ఒకే మ్యాచ్‌లో మూడు ఫ్రీ కిక్‌లు వలలో వేశాడు, అదీ తన పాత జట్టు సాంప్డోరియా మీదే.

అలాగని బుద్ధిమంతుడేం కాదు. 2000లో ఆర్సెనల్ ఆటగాడు వియెరాను జాతి పేరుతో తిట్టి, తర్వాత సొంత మైదానంలో మైకు పట్టుకుని క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2003లో ప్రత్యర్థి మీద ఉమ్మి ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. సెర్బియా కోచ్‌గా ఉన్నప్పుడు, 2012లో, జాతీయగీతం పాడలేదని లయిచ్‌ను జట్టులోంచి పంపించేశాడు. పట్టుదలో, మూర్ఖత్వమో చెప్పడం కష్టం. ఆ మొండితనమే 2015లో ఏసీ మిలాన్‌లో 16 ఏళ్ల డొన్నరుమ్మాను గోల్‌పోస్టు ముందు నిలబెట్టింది. 2021లో ఇటలీ యూరో కప్ గెలిచినప్పుడు ఆ కుర్రాడే టోర్నీలో ఉత్తమ ఆటగాడు.

2019 జనవరిలో బొలోన్యా పిలిచింది. కిందికి జారిపోతున్న జట్టును పదో స్థానానికి తెచ్చాడు. జులైలో జబ్బు బయటపడింది. అభిమానులు సాన్ లూకా కొండ మీది గుడికి ఆయన కోసం కాలినడకన వెళ్లారు. సెప్టెంబరులో బ్రెషియాతో ఆటలో సగం అయ్యేసరికి బొలోన్యా 1-3తో వెనకబడింది. ఆయన ఆస్పత్రి మంచం మీద. చివరికి జట్టు 4-3తో గెలిచింది. ఆటగాళ్లు ఇళ్లకు పోలేదు. బస్సును నేరుగా ఆస్పత్రికి పోనిచ్చి, ఆయన కిటికీ కింద నిలబడి పేరుపెట్టి కేకలేశారు. కిటికీలోంచి ఆయన కనిపించాడు.

అక్టోబరులో ఎముక మజ్జ మార్పిడి జరిగింది. మళ్లీ బెంచీ మీదికొచ్చాడు. 2022లో జబ్బు తిరగబెట్టింది. సెప్టెంబరులో క్లబ్బు ఆయన్ని తప్పించింది. డిసెంబరు 16న రోమ్‌లో కన్నుమూశాడు. 53 ఏళ్లు.

2025 మేలో బొలోన్యా ఇటలీ కప్ గెలిచింది, 1974 తర్వాత మళ్లీ అప్పుడే. ఆ జట్టులోని ఓర్సొలినీ, గోల్‌కీపర్ స్కొరుప్స్కీ 2019లో ఆయన దగ్గర ఆడినవాళ్లే.